ఆపరేషన్‌కి ముందే బరువు తగ్గి రమ్మంటున్నారు, ఇదేం న్యాయం?

వెన్నెలవాన:
నాకు 41 ఏళ్లు. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 43. షుగర్ వచ్చి ఆరేళ్లయింది, రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మాస్క్ లేకుండా నిద్ర లేదు. ఇరవై ఏళ్లలో నేను చెయ్యని డైట్ లేదు. పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం. చివరికి ధైర్యం చేసి బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సర్జన్ దగ్గరికి వెళ్తే, "ఆరు నెలల్లో ఐదు శాతం తగ్గి రండి, ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లిక్విడ్ డైట్ కూడా ఉంటుంది" అన్నారు. నాకై నేను తగ్గగలిగితే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాను? ఈత వచ్చినవాళ్లనే నీళ్లలోంచి పైకి లాగుతాం అన్నట్టుంది.

ఇది వైద్యమా, నా ఓపికకి పెట్టిన పరీక్షా? చేయించుకున్నవాళ్లు, వద్దనుకున్నవాళ్లు, ఎవరైనా చెప్పండి. "ఆపరేషన్ ఎందుకు, కాస్త నోరు కట్టుకుంటే చాలు కదా" అనే సలహా మాత్రం వద్దు. అది మా ఇంట్లో రోజూ దొరుకుతోంది.

మొండిఘటం:
రెండూ. పరీక్ష పెడితే తప్పేముంది? నేను బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి పేగుకి అడ్డదారిన కలిపేది) చేయించుకుని మూడేళ్లు దాటింది. నాకూ ఆరు నెలలు పెట్టారు. మొదటి నెల తిట్టుకున్నాను, నాలుగో నెలకి అర్థమైంది. ఆపరేషన్ తర్వాత జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, కొలిచి తినాలి, నమిలి నమిలి మింగాలి. ఆరు నెలలు ఉండలేనివాళ్లు అరవై ఏళ్లు ఎలా ఉంటారు? మనిషి సిద్ధంగా ఉన్నాడో లేదో డాక్టరుకి తెలియాలి కదా. కోపం తెచ్చుకోకండి మేడమ్, మీ మంచికే చెప్తున్నా.

లెక్కలపిచ్చి:
మొండిఘటం గారూ, మీ అనుభవాన్ని కాదనను, కానీ దాన్ని అందరికీ రూలు చెయ్యకండి. ముందుగా ఇన్ని కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అని ఇన్సూరెన్స్ కంపెనీలు పెట్టే షరతుకి ఆధారం లేదని అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘమే 2016లో తేల్చి చెప్పింది. ముందు తగ్గినవాళ్లే తర్వాత బాగా తగ్గుతారని గట్టిగా రుజువు కాలేదు. ఆరు నెలలు తిప్పించుకుంటే జరిగేది ఒకటే: కొందరు విసిగి మానేస్తారు. వాళ్లు "సిద్ధంగా లేనివాళ్లు" అని మీరు లెక్కేస్తారు. వాళ్ల షుగరూ బీపీ మాత్రం ఆగి ఎదురుచూడవు.

ఇంకో మాట. కాలు విరిగినవాడిని "ముందు కొంచెం నడిచి చూపించు, అప్పుడు కట్టు కడతాం" అనరు. లావుగా ఉన్నవాళ్లకే ఈ అర్హత పరీక్షలన్నీ.

రాత్రిడ్యూటీ:
సర్జరీ వార్డులో నర్సుని. మీ ఇద్దరూ రెండు వేరు వేరు విషయాల్ని ఒకే మూటలో కట్టి కొట్టుకుంటున్నారు. ఆరు నెలల్లో ఐదు శాతం అనేది ఒకటి. చివరి రెండు వారాల డైట్ ఇంకొకటి. రెండోది మీ నడుము కోసం కాదు, మీ లివర్ కోసం.

లివర్ ఎడమ భాగం పొట్ట పై భాగాన్ని కప్పుకుని ఉంటుంది. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) ముందు దాన్ని పక్కకి ఎత్తి పట్టుకోవాలి, అప్పుడే కింద పని జరుగుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో చాలామందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉబ్బి ఉంటుంది. ఉబ్బిన లివర్‌ని ఎత్తితే చిరిగి రక్తం కారే ప్రమాదం, సర్జన్‌కి దాని కింద ఏముందో కనబడదు. రోజుకి 800 నుంచి 1000 కేలరీలు, పిండిపదార్థం బాగా తగ్గించి రెండు వారాలుంటే లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర), దాంతోపాటు పట్టుకున్న నీరు, కొంత కొవ్వు పోతాయి. రెండు వారాల్లోనే లివర్ చిన్నదవుతుంది. ఇలా డైట్ ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పోల్చి చూసిన ఒక ట్రయల్‌లో ఆపరేషన్ సమయం పెద్దగా మారలేదు కానీ, సర్జన్లకి పని సులువైంది, మొదటి నెలలో కాంప్లికేషన్లు తక్కువొచ్చాయి.

కాబట్టి వెన్నెలవాన గారూ, మొదటిదాని మీద ఎంతైనా వాదించండి. రెండోదాని మీద వద్దు. ఆ రెండు వారాల్లో దొంగతనంగా తిన్నది మీ డాక్టరుకి తెలియకపోవచ్చు, కెమెరా లోపలికెళ్లాక తెలుస్తుంది.

సగంకడుపు:
నర్సమ్మగారు చెప్పింది నిజం, కానీ ఆ రెండు వారాల్లో నాకు జరిగింది చెప్పాలి. షుగర్ ఉన్న ప్రతివాళ్లూ చదవండి.

నాది స్లీవ్ (కడుపులో పెద్ద భాగం కోసి తీసేసేది), నాలుగేళ్లయింది. లిక్విడ్ డైట్ కాగితం చేతిలో పెట్టి పంపారు. షుగర్ మాత్రల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగాయి. షుగర్ చూసుకుంటే 52. తిండి పావు వంతుకి తగ్గించి మాత్ర మాత్రం పాత మోతాదులోనే మింగుతున్నాను! ఆ రాత్రి మా అమ్మాయి పక్కన లేకపోతే ఈ పోస్టు ఉండేది కాదు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు. డైట్ కాగితం ఇచ్చేవాళ్లు వేరు, మాత్రలు రాసేవాళ్లు వేరు. మధ్యలో ఉన్నది మనమే.

రాత్రిడ్యూటీ:
సగంకడుపు అక్కా, మంచి మాట గుర్తుచేశారు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లకి డైట్ మొదలయ్యే రోజునే మోతాదు మార్చాలి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలతో ఇంకో చిక్కు. తిండి తక్కువైన శరీరంలో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. వాటిని ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. ఎప్పుడు ఆపాలో మీ డాక్టరే చెప్పాలి, ఇక్కడ చదివి మీరే ఆపకండి.

కొత్తచెప్పులు:
చర్చ మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది ఐదు వారాల క్రితం అయింది. మీరంతా ముందు సంగతి మాట్లాడుతున్నారు, తర్వాత సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటి రెండు రోజులు కడుపు కంటే భుజం నొప్పి ఎక్కువ. భుజానికి ఆపరేషన్ చేశారా అనుకున్నా. ఇప్పుడు గుడ్డు రెండు స్పూన్లు తింటే చాలు, ఇంకో ముద్ద పెడితే వాంతి. నిన్న ఊరికే కూర్చుని ఏడ్చాను. పద్నాలుగు కిలోలు తగ్గాను, అయినా ఏడుపొస్తోంది. ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోంది. ఇలా నాకొక్కదానికేనా?

సగంకడుపు:
ఒక్కదానివే కాదమ్మా. నేను మూడో వారంలో వంటింట్లో నిలబడి ఏడ్చాను. బాధొచ్చినా, సంతోషమొచ్చినా, ఏమీ తోచకపోయినా తినేదాన్ని. ఆపరేషన్ కడుపుకి చేశారు, ఆ అలవాటు తలలో అలాగే ఉంది. ఇంట్లో చావు జరిగినట్టు అనిపించింది, చచ్చింది నా తిండి. నాకు మూడో నెలకి తేలికపడింది. ఏడుపు తగ్గకపోతే మాత్రం సిగ్గుపడకుండా కౌన్సెలర్‌కి చెప్పు.

ఇంకొకటి ముందే చెప్తున్నా, అప్పుడు భయపడకుండా: మూడో నెల నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. శరీరానికి తగిలిన షాక్ వల్ల అలా అవుతుంది, మళ్లీ వస్తుంది. ప్రోటీన్ మాత్రం రోజుకి 60 గ్రాములకి తగ్గనివ్వకు.

రాత్రిడ్యూటీ:
భుజం నొప్పి గ్యాస్‌ది. ఆపరేషన్ అప్పుడు కడుపుని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. మిగిలిన గ్యాస్ డయాఫ్రంని (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) గుచ్చుతుంది, దాని నరం భుజంతో కలిసి ఉంటుంది, అందుకే నొప్పి అక్కడ తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుంది. ఆపరేషన్ రోజు సాయంత్రమే మిమ్మల్ని లేపి నడిపించేది దానికీ, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికీ. పేషెంట్లు మమ్మల్ని తిట్టుకునే టైమ్ అదే.

కానీ ఇది చదివేవాళ్లు ఒక తేడా పట్టుకోండి. గ్యాస్ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గాల్సిన నొప్పి పెరుగుతూ, ఊరికే కూర్చున్నా నాడి 120 దాటి, జ్వరమో ఆయాసమో తోడైతే కుట్లు వేసిన చోట లీక్ అయ్యుండొచ్చు. ఆన్‌లైన్‌లో అడగొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కొత్తచెప్పులు గారూ, మీ వాంతులు ఎన్నిసార్లు? ఎక్కువ తిన్నప్పుడు ఒకసారి అయితే అది మీ కొత్త కడుపు నేర్పే పాఠం. రోజూ అవుతూ నీళ్లు కూడా నిలవకపోతే విటమిన్ బీ1 వారాల్లోనే పడిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పడం దాకా వెళ్తుంది. ఈరోజే మీ టీమ్‌కి ఫోన్ చెయ్యండి.

కొత్తచెప్పులు:
వారానికి రెండు మూడుసార్లు, అదీ తొందరగా తిన్నప్పుడే. నీళ్లు తాగగలుగుతున్నా. అయినా ఫోన్ చేస్తాను. థాంక్యూ అక్కా, ఇద్దరికీ.

మొండిఘటం:
చూశారా? నేను చెప్పేది ఇదే. ఈ అమ్మాయికి ముందు ఆరు నెలల టైమ్ ఇచ్చి నేర్పించి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

లెక్కలపిచ్చి:
నేర్పించడం వేరు, తూకం చూసి గేటు వెయ్యడం వేరండీ! నేర్పడానికి ఆరు నెలలు పట్టదు, ఐదు శాతం తగ్గనక్కర్లేదు. ఆమెకి లేనిది చెప్పేవాళ్లు.

మీ అసలు భయం బరువు మళ్లీ పెరుగుతుందనే కదా? పెరుగుతుంది, కొంత. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో బైపాస్ అయినవాళ్లు పదేళ్ల తర్వాత సగటున 25 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. మొదటి ఏడాది రెండేళ్లలో ఇంకా ఎక్కువ తగ్గి, తర్వాత కొంత పెరిగి, అక్కడ నిలిచారు. ఆపరేషన్ లేకుండా మామూలు చికిత్సలో ఉన్నవాళ్ల బరువు దాదాపు మొదలైన చోటే ఉంది. మరణాలు కూడా ఆపరేషన్ అయినవాళ్లలో తక్కువ. వీళ్లంతా ఓపికలో గొప్పవాళ్లని కాదు. ఆపరేషన్ కడుపు సైజుతోపాటు ఆకలి హార్మోన్లనీ మారుస్తుంది. ఓపిక ఒక్కటే పనిచేసేదైతే వెన్నెలవాన గారి ఇరవై ఏళ్లు ఎటు పోయాయి?

మొండిఘటం:
హార్మోన్లు మొదటి ఏడాది మోస్తాయి సార్. రెండో ఏడాది నుంచి మనమే మోసుకోవాలి. నాతో పాటు చేయించుకున్న ఒకాయన మాత్రలు మానేశాడు, బీ12 పడిపోయి అరికాళ్లు తిమ్మిర్లు. ఇంకొకాయన తిండి తగ్గించి మందు తాగడం మొదలుపెట్టాడు. బైపాస్ తర్వాత ఆల్కహాల్ రక్తంలోకి ఎంత వేగంగా ఎక్కుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదట. చెప్పే ఉంటారు, ఆయన వినుండడు. నేనడిగేది ఆ వినే గుణం ఉందో లేదో చూడమని.

లెక్కలపిచ్చి:
ఆ గుణం బరువు మిషన్ మీద కనిపిస్తుందా?

మొండిఘటం:
దేని మీద కనిపిస్తుందో మీరే చెప్పండి మరి.

సగంకడుపు:
నేను చెప్తా. నాకు నిజంగా పనికొచ్చింది ముందు తగ్గిన మూడు కిలోలు కాదు. ఆపరేషన్‌కి రెండు నెలల ముందు నుంచి తింటూ నీళ్లు తాగడం మానేశాను, అరగంట ఆగి తాగడం నేర్చుకున్నా. అదెంత కష్టమో ఒక్కరోజు ప్రయత్నించండి. చిన్న చెంచాతో తినడం, గుక్క గుక్కగా రోజంతా లీటరున్నర తాగడం. సిగరెట్ మానేశాను (అవును, నాకుండేది). కనీసం ఆరు వారాల ముందు మానాలన్నారు, లేకపోతే కుట్లు మానవు, పుండ్లు పడతాయి. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య రెండు గంటల తేడా ఉండేలా ఫోన్‌లో అలారాలు పెట్టుకున్నా. ఆ అలారం ఇప్పటికీ మోగుతోంది. వీటిలో ఏదీ తూకంలో కనబడదు, మొండిఘటం తమ్ముడూ.

వెన్నెలవాన:
మళ్లీ వచ్చాను. ఇవన్నీ చదివి కాగితం మీద రాసుకుని మొన్న సర్జన్‌ని అడిగాను. "ఐదు శాతం తగ్గకపోతే ఆపరేషన్ చెయ్యరా? నాలుగైతే?" ఆయన కాసేపు ఫైలు చూసి నవ్వారు. ఆ అంకె అందరికీ ఇచ్చే కాగితంలో ఉందట. నా విషయంలో ఆయనకి కావాల్సింది మూడు నెలల షుగర్ సగటు తగ్గడం, సీపాప్ రోజూ వాడినట్టు రికార్డు, డైటీషియన్ దగ్గర నాలుగు సిట్టింగులు. అవి పూర్తయితే పది వారాల తర్వాత డేట్ ఇస్తామన్నారు. లివర్ డైట్ రెండు వారాలూ తప్పదు, దాని మీద వాదించలేదు. ఏ మాత్ర ఏ రోజు ఎంత తగ్గించాలో రాసివ్వమంటే రాసిచ్చారు.

ముందే అడిగుంటే నెలరోజుల ఏడుపు తప్పేది. కోపం ఇంకా ఉంది, ఆ కాగితం మీద.

మొండిఘటం:
నాలుగు సిట్టింగులు, రికార్డు, షుగర్. మరి అది పరీక్ష కాదా? నేను నా మాట మీదే ఉన్నా. ఆల్ ది బెస్ట్ మేడమ్.

వెన్నెలవాన:
పరీక్షే, కానీ సిలబస్ చెప్పి పెట్టారు ఈసారి. 🙂 ఒకటి అడగడం మర్చిపోయా, నర్సు గారూ. మోకాళ్ల నొప్పికి రోజూ ఐబుప్రొఫెన్ వేసుకుంటా. తర్వాత కూడా వేసుకోవచ్చా?

రాత్రిడ్యూటీ:
బైపాస్ అయితే అది మర్చిపోవాల్సిందే, కుట్టిన చోట పుండు పడుతుంది. స్లీవ్ అయినా డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. మోకాళ్లకి ఇంకేం వాడాలో ఈ పది వారాల్లోనే తేల్చుకోండి. ఆ రోజు సీపాప్ మిషన్ ఇంట్లో మర్చిపోకుండా వెంట తెచ్చుకోండి, మత్తు డాక్టర్ మొదట అడిగేది అదే.