వడ్డీ సొమ్ములో దశమభాగం ఇస్తే సరిపోతుందా?

కందుకూరు రైతు (ప్రశ్న):
అందరికీ వందనాలు. మాది కందుకూరు దగ్గర పల్లె. పొగాకు సాగు చేస్తాము. మొన్నటి వేలంలో మంచి ధర పలకడంతో అప్పులు తీరి కొంత సొమ్ము మిగిలింది. అందులో లక్ష రూపాయలను మా సంఘంలోని ఒక విధవరాలికి, కూతురి ఆసుపత్రి ఖర్చు నిమిత్తం, ఊళ్లో నడిచే నూటికి రెండు రూపాయల వడ్డీకే ఇచ్చాను. నెలకు వచ్చే రెండు వేలలో రెండు వందలు దశమభాగంగా తప్పకుండా కానుక పెట్టెలో వేస్తున్నాను. అయితే ఆదివారం ఆరాధనలో ఆడవారి వైపు ఆమె కనిపించగానే, వాక్యం చెవికెక్కడం మానేసి, ఈ నెల వడ్డీ ఎప్పుడిస్తుందోనన్న ఆలోచన మొదలవుతున్నది. సొమ్ము ఉండడమే తప్పా, నా మనస్సులోనే దోషమున్నదా?

కావలి రొయ్యల రైతు:
అన్నా, ఇందులో దోషమేమీ నాకు కనిపించడం లేదు. యేసు చెప్పిన తలాంతుల ఉపమానంలో యజమానుడే తన సొమ్మును సాహుకారుల దగ్గర ఉంచితే వడ్డీతో తీసుకొనేవాడినన్నాడు కదా. చెరువు దెబ్బతిన్న ఏడాది నేను మూడు రూపాయలకు తెచ్చుకున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు:
కావలి సోదరుడు వ్యాపారపు అప్పును గురించి చెప్పారు. చెరువుకు తెచ్చిన అప్పు వేరు, బిడ్డ వైద్యానికి చేసిన అప్పు వేరు. వడ్డీ కట్టవద్దని నిర్గమకాండము 22:25 పేరు పెట్టి చెప్పినది బీదవానికిచ్చిన అప్పు సంగతినే. ఇక మత్తయి 6:21ని మనం తరచు తిరగేసి చదువుతాము. హృదయమున్న చోటికి ధనం పోతుందని కాదు, ధనమున్న చోటికే హృదయం పోతుందని అక్కడున్నది. ఆరాధనలో మీకు జరుగుతున్నది అక్షరాలా అదే. సిరి అనగానే తెలుగువారికి శుభమే తోస్తుంది గనుక, దేవునికిని సిరికిని దాసులుగా ఉండలేరన్న మాట మన చెవులకు అంత గట్టిగా తగలదేమో.

మన జిల్లా సంగతే చూడండి. 1876-78 కరవులో ఒంగోలులో సేవ చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. అయితే కూలి డబ్బుల కోసం విశ్వాసులమనే వారు చేరతారేమోనని, ఆ కాలమంతా బాప్తిస్మాలివ్వడం ఆపివేశారు. పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలి తీర్చిన సొమ్మునే ఆయన అంతగా అనుమానించినప్పుడు, బాధలో ఉన్నవారి నుంచి వచ్చే సొమ్మును మనమెంత అనుమానించాలి? యేసును చేర్చుకున్న సుంకరి జక్కయ్య దశమభాగంతో సరిపెట్టలేదు. ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

నెల్లూరు సోదరి:
ఆమె వైపు నుంచీ ఆలోచించండి అన్నగారూ. అప్పుచేసేవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతలు 22:7 చెబుతుంది. వడ్డీ ఆలస్యమైన ఆదివారం మీరెదురుగా ఉండగా ఆమె ప్రార్థన ఎలా సాగుతుంది?

కందుకూరు రైతు:
మాస్టారికీ, అమ్మకూ వందనాలు. అయిదు నెలల వడ్డీ పదివేలనూ అసలులో జమకట్టి నోటు వెనుక రాశాను. మిగిలిన తొంభై వేలూ వీలు చూసుకొని, వడ్డీ లేకుండా ఇవ్వమని ఆమెకు చెప్పి వచ్చాను. మా ఇంటావిడ మాత్రం, "మరి కానుక పెట్టెలో వేసిన ఆ వెయ్యి రూపాయలు ఎవరి కానుక కింద లెక్క?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.