యోకిచ్‌ని చూసి నేర్చుకోవాలా, వెంబన్యామాని చూసి నేర్చుకోవాలా? బెంగళూరులో సెంటర్‌గా ఆడేవాళ్లు చెప్పండి

జయనగర్ రీబౌండ్:
మా తమ్ముడికి పదహారేళ్లు, 6 అడుగుల 3 అంగుళాలు. బాస్కెట్‌బాల్ క్లబ్బులో కోచ్ వాణ్ణి సెంటర్‌గా, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడిగా వేశారు. ఫోన్ నిండా ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) స్పర్స్ టీమ్‌కి ఆడే విక్టర్ వెంబన్యామా వీడియోలే. మ్యాచ్‌లో మూడు పాయింట్ల గీత బయటే తిరుగుతాడు, రింగ్ కిందికి వెళ్లమంటే మొహం మాడ్చుకుంటాడు. నేనేమో అదే లీగ్‌లో డెన్వర్ టీమ్ సెంటర్ నికోలా యోకిచ్‌ని చూడరా అంటాను. మన పిల్లలకి ఎవరి ఆట పనికొస్తుంది?

మల్లేశ్వరం పాత సెంటర్:
నెల్లూరు నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే సెంటర్‌గా ఆడాను. ఇప్పుడు పొద్దున పూట పిల్లలకి నేర్పుతున్నాను. నా ఓటు యోకిచ్‌కే. 2014 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేచోట, 41వ పేరు అతనిది. పెద్దగా ఎగరడు, పరుగూ అంతంతే. అయినా 2021, 2022, 2024లో ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడి అవార్డు), 2023లో డెన్వర్‌కి టైటిల్. 2024-25లో సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (తప్పిపోయిన షాట్ బంతిని పట్టడం), 10.2 అసిస్టులు (స్కోరుకి దారితీసిన పాసులు). సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్ సగటు, అంటే ఈ మూడూ పదికి తగ్గకుండా, నిలిపిన మొదటి సెంటర్ అతనే.

మీ తమ్ముణ్ణి ఒక్క విషయం గమనించమనండి. రీబౌండ్ పట్టాక యోకిచ్ బంతిని నడుము దగ్గరికి దించడు, తల పైనే ఉంచుతాడు. మా దగ్గర పొడుగు పిల్లలందరూ దించేస్తారు, పొట్టి గార్డ్ (బయట బంతి నడిపేవాడు) వచ్చి లాగేసుకుంటాడు. ఇంకోటి, బంతి చేతికి రాకముందే ఎవరు ఎటు కట్ చేస్తున్నారో, అంటే ఖాళీలోకి పరిగెడుతున్నారో, చూసేసుకుని ఉంటాడు. దీనికి ఎత్తుతో పని లేదు. వెంబన్యామాది 7 అడుగుల 4 అంగుళాల ఒళ్లు, అది మనం ఎక్కణ్ణుంచి తెస్తాం?

కోరమంగళ డిఫెన్స్:
అన్నా, యోకిచ్ పాసింగ్ గురించి మీరన్నది నిజమే. కానీ వెంబన్యామా దగ్గర నేర్చుకునేదేమీ లేదంటే నేను ఒప్పుకోను. మొదటి సీజన్‌లోనే ఆల్-డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లోకి (లీగ్‌లో ఐదుగురు మేటి డిఫెండర్ల జాబితా) వచ్చాడు, అంతకుముందు ఏ రూకీకీ అది దక్కలేదు. మ్యాచ్‌కి 3.6 బ్లాకులు. నేను అమ్మాయిల టీమ్‌లో సెంటర్‌ని, అతన్ని చూశాకే నా ఫౌల్స్ తగ్గాయి. పిక్ అండ్ రోల్ (ఒకడు గార్డ్ కోసం డిఫెండర్‌కి అడ్డు నిలబడి, వెంటనే రింగ్ వైపు రోల్ అయ్యే ఎత్తు) వచ్చినప్పుడు తొందరపడి బంతి మీదికి దూకడు. గార్డ్‌కీ, రోల్ అయ్యేవాడికీ మధ్యలో ఆగి, చేతులు నిటారుగా పెట్టి, అవతలివాడు ముందు తేల్చుకునేదాకా ఓపిక పడతాడు. లోపలికి వచ్చి, అతన్ని చూసి వెనక్కి తిరిగిపోయేవాళ్లు ఎంతమందో! అది ఏ లెక్కలోనూ కనపడదు.

హెచ్‌ఎస్‌ఆర్ హాఫ్‌కోర్ట్:
2025 జనవరిలో వరసగా రెండు రాత్రులు ఇద్దరూ తలపడ్డారు, ఆ మ్యాచ్‌లు చూపించండి. మొదటిది స్పర్స్ 113-110తో గెలిచింది. యోకిచ్‌వి 41, వెంబన్యామావి 35. మర్నాడు యోకిచ్ 46 కొట్టాడు, ఓవర్‌టైమ్‌లో డెన్వర్ గెలిచింది.

వైట్‌ఫీల్డ్ బెంచ్:
పోలిస్తే రెండో సీజన్‌ని రెండో సీజన్‌తో పోల్చాలి. యోకిచ్‌ది 16.7 పాయింట్ల సగటు, వెంబన్యామాది 24.3. కాకపోతే కుర్రాడు ఆ ఏడాది 46 మ్యాచ్‌లే ఆడాడు, కుడి భుజంలో రక్తం గడ్డకట్టి ఫిబ్రవరిలోనే ఆగిపోవాల్సి వచ్చింది. యోకిచ్ పదేళ్లుగా నిలబడ్డాడు. ఈ రోజుకి పెద్ద ఆటగాడు యోకిచే, ఇందులో నాకు అనుమానం లేదు. డిఫెన్స్‌లో మాత్రం వెంబన్యామా ఇప్పటికే అతన్ని దాటేశాడు.

మల్లేశ్వరం పాత సెంటర్:
కోరమంగళ చెల్లెమ్మ మాట ఒప్పుకుంటున్నాను. చేతులు నిటారుగా పెట్టి ఓపిక పట్టడం మన పిల్లలకీ వస్తుంది, నేర్పాలి. కానీ పదహారేళ్లవాడికి ముందు రింగ్ కింద కాళ్లు కుదరాలి. పివట్ (ఒక కాలు నేలకి ఆన్చి తిరగడం) రాకుండా బయటి నుంచి షాట్లు కొడుతుంటే ఏ కోచూ ఎక్కువసేపు ఆడించడు.

జయనగర్ రీబౌండ్:
ఇదంతా వాడికి చదివి వినిపించాను. డిఫెన్స్ మాట చెప్పగానే చెవులు నిక్కబొడుచుకున్నాడు. అన్నా, ఈ శనివారం మీ దగ్గరికి తీసుకురావచ్చా?

మల్లేశ్వరం పాత సెంటర్:
ఆరింటికల్లా తీసుకురండి. ముందు ఫుట్‌వర్క్, ఆ తర్వాతే బంతి ఇస్తాను.