పెల్లెట్ వేగం పెంచితే స్కోరు పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. మొదటి నలభై షాట్లు 10.3, 10.4 పాయింట్ల చొప్పున బాగానే పడతాయి. చివరి ఇరవైలో 9.8, 9.9కి దిగుతున్నాయి. పక్కలకు పోవడం లేదు, అన్నీ కిందికే. వేగం సెకనుకు 190 మీటర్లకు పెట్టిస్తే పెల్లెట్ (రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు) తిన్నగా వెళుతుందని రేంజిలో ఒకరు చెప్పారు. రైఫిల్ విప్పించమంటారా?

జవాబు: దయచేసి విప్పించకండి. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి దాదాపు 0.059 సెకన్లు పడుతుంది. ఆలోపు అది 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. గురి చూసే సైట్లు సరిచేసుకున్నప్పుడే ఆ 17 లెక్కలోకి వచ్చేసింది కాబట్టి దానితో నష్టం లేదు. ఒక షాటు 170లోను, మరొకటి 165లోను వెళ్లినప్పుడే చిక్కు. ఆ 5 మీటర్ల తేడాకు పెల్లెట్ సుమారు 1 మిల్లీమీటరు కిందికి పడుతుంది. దశాంశ లెక్కలో 0.1 పాయింటు అంటే 0.25 మిల్లీమీటరు. అంటే ఒక్క షాటుకే 0.4 పోయినట్టు! ఎంత వేగమన్నది కాదు, ప్రతిసారీ అదే వేగం రావడం ముఖ్యం.

అన్నీ కిందికే పడుతున్నాయంటే నాకు గాలి ఒత్తిడి మీదే అనుమానం. రైఫిల్ గాలి సిలిండర్ మీద ఒత్తిడి చూపే ముల్లు మొదట్లో, చివర్లో ఎక్కడుందో రాసి పెట్టండి.

మరో జవాబు: పెల్లెట్లు కూడా చూడండి. డబ్బా ఒకసారి కింద పడినా వెనుక వైపు పల్చటి అంచు సొట్టపోతుంది. వేలి మీద పెట్టుకుని వెలుతురులో తిప్పితే తెలుస్తుంది. అలాంటివి పక్కన పడేయండి. అయితే పెల్లెట్ లోపమైతే షాట్ల గుంపు నాలుగు వైపులా చెదురుతుంది. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల సైజుల్లో మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో రైఫిల్‌ను బిగించి కాల్చి చూస్తేనే తేలుతుంది. క్రోనోగ్రాఫ్ దొరికితే వేగం కూడా కొలవండి. వేగం నిలకడగా ఉండి, బిగించి కాల్చినప్పుడు గుంపు దగ్గరగా వస్తే, ఇక చూడాల్సింది అలసటే. చివర్లో చెంప బట్ (రైఫిల్ వెనుక భాగం) మీద అదే చోట ఆనుతోందా అని గమనించండి.

అడిగినవారు: ముల్లు చూశాము. మొదట్లోనే 90 బార్, అయ్యేసరికి 60. మా రైఫిల్ పుస్తకంలో కనీసం 70 ఉండాలని ఉంది. ఇన్నాళ్లూ అది చూడనే లేదు.

జవాబు: దొరికింది. 70 దాటి కిందికి వస్తే రెగ్యులేటర్ (ప్రతి షాటుకూ ఒకే ఒత్తిడితో గాలి అందించే భాగం) వేగాన్ని నిలబెట్టలేదు. నింపించే ముందు సిలిండర్ మీద చెక్కిన గడువు తేదీ తప్పకుండా చూడండి, గడువు తీరినదాన్ని నింపకూడదు. నింపేటప్పుడు గాలిని నెమ్మదిగా వదలమనండి.

అడిగినవారు: గడువు ఉంది. ఆదివారం 200 బార్‌కు నింపించి అరవై షాట్లూ కాల్పించాము. చివరి ఇరవైలో కిందికి పడినవి రెండే. ఆ రెండింటికీ స్కోరు తెర చూడకముందే "తొందరపడ్డాను నాన్నా" అని తనే చెప్పింది.