బాక్సింగ్ క్రాస్‌లో (వెనక చేత్తో కొట్టే తిన్నని గుద్దు) దెబ్బ బలం పెరగాలంటే ఏం ఎత్తాలి?

ప్రశ్న (విజయనగరం):
అన్నలూ, నా బరువు 63 కిలోలు, కుడిచేతి వాటం. బెంచ్ ప్రెస్ 70 కిలోల దాకా వచ్చింది. రోజూ 2 కిలోల డంబెల్స్‌తో మూడు రౌండ్లు షాడో (గాల్లో గుద్దులు) చేస్తున్నాను. అయినా క్రాస్ కొడితే బ్యాగ్ ఊగడం లేదు. జిమ్‌లో బార్‌బెల్, ప్లేట్లు, 4 కిలోల మెడిసిన్ బాల్ (విసిరే బరువు బంతి) ఉన్నాయి. ఏటి మార్చాలి?

జవాబు 1:
ముందు ఆ డంబెల్స్ పక్కన పెట్టు తమ్ముడూ. వాటి బరువు చేతిని కిందికి లాగుతుంది, గుద్దేమో ముందుకెళ్లాలి. భుజం అలిసిపోయి చెయ్యి నెమ్మదిస్తుంది, అంతే.

క్రాస్ వెనక పాదంలో పుడుతుంది. పాదం నేలని తన్నాలి, మడమ బయటికి తిరగాలి, తుంటి తిరిగాక భుజం, ఆఖర్న చెయ్యి. అందుకే వారానికి రెండు రోజులు స్క్వాట్ గానీ డెడ్‌లిఫ్ట్ గానీ చెయ్యి. 4 సెట్లు, సెట్‌కి 4 సార్లు, మధ్యలో 3 నిమిషాల విశ్రాంతి. ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపిస్తుండగానే సెట్ ఆపెయ్యాలి.

మెడిసిన్ బాల్ బరువుల కంటే ముందే, ఒంట్లో ఊపున్నప్పుడే. గట్టి గోడకి పక్కగా నిలబడి తుంటి దగ్గర్నించి విసురు. ఒక్కో పక్కకి 5 చొప్పున 4 సెట్లు. వేగం తగ్గిందా, అక్కడితో ఆపు. మొదటి విసురే నెమ్మదిగా ఉంటే 3 కిలోల బాల్ తీసుకో.

జవాబు 2:
దీనికి లాండ్‌మైన్ అనే వ్యాయామం కలపండి. బార్ ఒక కొసకి గుడ్డ చుట్టి గోడ మూలకి ఆనించండి, రెండో కొసకి 5 కిలోల ప్లేట్. బాక్సింగ్ స్టాన్స్‌లో (గుద్దడానికి నిలబడే తీరులో) నిలబడి వెనక చేత్తో జోరుగా నెట్టాలి, 5 చొప్పున 3 సెట్లు. తుంటి తిరక్కముందే చెయ్యి చాపేస్తారు చాలామంది. అలా చేస్తే అది ఉత్త భుజం వ్యాయామం. క్లీన్ పుల్ (నేల మీది బార్‌ని జోరుగా పైకి లాగడం) కూడా మంచిదే, కానీ వీడియోలు చూసి మొదలెట్టొద్దు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టర్లు ఉన్నారు, వాళ్లలో ఎవరినైనా అడిగి నేర్చుకోండి.

జవాబు 3:
బ్యాగ్ బాగా ఊగిందంటే తోశావనే అర్థం. మంచి గుద్దు తగిలిన చోట బ్యాగ్ నొక్కుకుపోయి అదురుతుంది. తగిలేదాకా చెయ్యి వదులుగా ఉంచు, తగిలే క్షణంలో పిడికిలి బిగించు. మణికట్టు వంగితే బలం అక్కడే పోతుంది, బెణుకు కూడా. చేతికి 4.5 మీటర్ల పట్టీ చుట్టుకో. పూర్తి బలంతో మూడు క్రాస్‌లు కొట్టి 20 సెకన్లు ఆగు, అలా 8 సార్లు.

ప్రశ్న అడిగినవారు:
బాక్సింగ్, బరువులు ఒకే రోజు చెయ్యొచ్చా అన్నా?

జవాబు 1:
చెయ్యొచ్చు. పొద్దున్న బాక్సింగ్, సాయంత్రం బరువులు. స్పారింగ్ (తోటివాళ్లతో సాధన పోరు) ముందు రోజు మాత్రం కాళ్ల పని వద్దు. బౌట్‌కి (పోటీకి) వారం ముందు సెట్లు సగానికి తగ్గించు, బార్ మీద బరువు తగ్గించకు.