చర్చ: సొసైటీ లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి, కౌలు రైతు మాటేంటి?

లంకవాసి:
మా నాన్నగారి రోజుల్లో రైతులకి అప్పులిచ్చే సహకార సొసైటీ అంటే ఊరి మధ్య పెంకుటిల్లు, గోడవారన ఎరువుల బస్తాలు, గుమస్తాగారి బల్ల మీద బారెడు పుస్తకం. ఇప్పుడా బల్ల మీద కంప్యూటరు. దేశంలో ఇలాంటి 63,000 సొసైటీలని (ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలని) 2,516 కోట్లతో కంప్యూటరీకరించాలని 2022 జూన్‌లో కేంద్రం నిర్ణయించింది. దాన్ని తప్పుపట్టను. కానీ 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య చెప్పిన ఏడు సూత్రాల్లో చివరిది, చుట్టూ ఉన్న సమాజం బాగోగులు చూడమని. ఆ బాధ్యత పెరిగిందా, తగ్గిందా? తగ్గిందనే నేనంటాను. మన గోదావరి డెల్టాలో సార్వా అయినా దాళ్వా అయినా చేలోకి దిగేవాడు ఎక్కువగా కౌలు రైతే. తెర మీద పేరు మాత్రం భూమి ఆసామిది. హైదరాబాద్‌లో ఉండే ఆయనకి పంట రుణం, బురదలో ఉన్నవాడికి వడ్డీ వ్యాపారి. వెనకటి సొసైటీ డైరెక్టర్లకి ఏ చేను ఎవరు చేస్తున్నారో తెలిసేది. కంప్యూటరుకి తెలీదు.

పాత గుమస్తా:
లంకవాసి గారూ, ఆ 'తెలిసేది' అన్న మాట దగ్గరే నాకు పేచీ. తెలిసే కదండీ బినామీ రుణాలు రాసింది! ఒకే పొలం చూపించి ఇక్కడో అప్పు, పక్కూళ్ళో ఇంకో అప్పు. మార్చి 31 వచ్చిందంటే పాత బాకీ కట్టినట్టు ఒక ఎంట్రీ, కొత్త రుణం ఇచ్చినట్టు ఇంకో ఎంట్రీ. రూపాయి చేతులు మారేది కాదు. పైవాళ్ళు రాయమన్నారు, నేనూ రాశాను. ఈరోజుకీ ఆ పేజీలు గుర్తొస్తే నిద్ర పట్టదు. ఇప్పుడు ఏ ఎంట్రీ ఎవరు, ఏ రోజు, ఎన్నింటికి కొట్టారో చెరగకుండా ఉంటే, అలా రాయమనడానికి ఎవరైనా జంకుతారు. సొసైటీలో సభ్యులు దాచుకున్న డిపాజిట్లకి బ్యాంకు డిపాజిట్లకున్నట్టు 5 లక్షల బీమా లేదు. మునిగితే ఊరే మునుగుతుంది. లెక్క నిజంగా ఉండటమే మొదటి సామాజిక బాధ్యత. మిగతావన్నీ దాని తర్వాతే.

అంబాజీపేట ఆడపడుచు:
మీ ఇద్దరూ లెక్కల దగ్గరే ఉన్నారు. మా అమ్మ ముప్పై ఏళ్ళు కొబ్బరి పీచు పని చేసింది. వేళ్ళు అరిగిపోయాయి, మిషను మీద వేలిముద్ర పడదు. డబ్బు తనదే, వేలు తనదే, అయినా రెండుసార్లు వట్టి చేతుల్తో తిప్పి పంపారు. వెనకటి గుమస్తా అయితే మొహం చూసి ఇచ్చేసేవాడు. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేస్తే, ఫోన్లో డబ్బున్నా ఉప్పు కొనలేకపోయాం. అలాంటి రోజుకి పక్కన కాగితం దారి కూడా ఉంచడం సొసైటీ బాధ్యత కాదా?

లంకవాసి:
గుమస్తా గారూ, లెక్క నిజంగా ఉండాలన్న మాటకి నేను ఎదురు చెప్పను. ఎవరి నిజం అన్నదే నా ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద కౌలు రైతుకి పంట సాగుదారు హక్కుల కార్డు ఇస్తారు, 11 నెలలకి. దానికి ఆసామి సంతకం కావాలి. పెట్టినా, ఆయన అప్పటికే ఆ సర్వే నంబరు మీద రుణం తీసుకుని ఉంటే మళ్ళీ ఇవ్వరు. అడిగితే 'సిస్టమ్ ఒప్పుకోదండీ' అంటారు. ఇదివరకు కాదనడానికి మనిషి మొహం చూడాల్సొచ్చేది, ఇప్పుడా అవసరం లేదు. పోనీ వివరాలు లేవా అంటే, ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో సాగు చేసే మనిషి పేరు ఎక్కుతోంది. ప్రభుత్వం దగ్గర ఒక తెర మీద కౌలు రైతు ఉన్నాడు, సొసైటీ తెర మీద లేడు. ఆ రెండూ కలపొద్దని ఏ కంప్యూటరూ అనలేదు.

పాత గుమస్తా:
ఇది ఒప్పుకుంటాను. భూమి తాకట్టు లేకుండా నలుగురి నుంచి పది మంది కౌలుదార్లని ఉమ్మడి పూచీ మీద కలిపి అప్పిచ్చే జేఎల్‌జీ (జాయింట్ లయబిలిటీ గ్రూప్) పద్ధతి, వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డుది, ఎప్పటినుంచో ఉంది. చెయ్యమని అడిగేవాళ్ళేరీ? మన రాష్ట్రంలో సొసైటీలకి చివరిసారి ఎన్నికలు 2013లో. ఆ పాలకవర్గాల గడువు తీరాక ప్రభుత్వం నియమించే ముగ్గురేసి సభ్యుల కమిటీలు. ఓటు అడగక్కర్లేనివాళ్ళకి కౌలు రైతు ఎందుకు గుర్తొస్తాడండీ! నేను సాఫ్ట్‌వేర్‌ని తిట్టను, ఎన్నికలు పెట్టమంటాను. ఈలోపు సభ్యులందరూ కూర్చునే మహాజన సభలో ఒక్కటి అడగండి: ఈ ఏడాది ఇచ్చిన రుణాల్లో కౌలుదార్లకి ఎంత? కంప్యూటర్లో ఉంటే నిమిషం పని.

అంబాజీపేట ఆడపడుచు:
ఆ లెక్క ఫోన్లో పంపొద్దండి. ఎవరికెంతో పేర్లు వద్దు, మొత్తాలు చాలు. తెలుగులో, పెద్దక్షరాలతో అచ్చు తీసి సొసైటీ గోడకి అంటించమనండి. మా అమ్మ చదువుకోగలదు.