సియాటిల్ చన్నీళ్ళలో ఆక్టోపస్: చెయ్యి పట్టుకుంటే ఏం చేయాలి?

చలిచీమ:
అన్నలూ, ఉండేది బెల్లెవ్యూలో. పోయినేడు అండమాన్‌లో ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్ మొదటి కోర్సు) చేశాను, ఒంటికి నీళ్ళు తగలనివ్వని డ్రై సూట్ కోర్సు మొన్ననే అయింది. శనివారం వెస్ట్ సియాటిల్‌లో సీక్రెస్ట్ కోవ్ 2 అనే డైవింగ్ చోట దిగుదామంటున్నాడు మా బడ్డీ (నాతో జోడీగా డైవ్ చేసేవాడు). అక్కడ జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ ఉంటుందట. చూడాలనే ఉంది గానీ, మీదికొచ్చి నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ లాగేస్తే? మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఉప్పునీళ్ళు:
తమ్ముడూ, దానికంటే ముందు చలే నీ పని పడుతుంది. ఎండాకాలంలోనూ కింద నీళ్ళు 12 డిగ్రీల దగ్గరే ఉంటాయి. గ్లోవ్స్ మందంగా ఉండాలి.

ఆక్టోపస్‌ని వెతక్కు, దాని ఎంగిలి వెతుకు. పీతలు తిని డిప్పలు గుమ్మం ముందే పారేస్తుంది. నాకు ఎనిమిది డైవుల్లో ఏమీ కనబడలేదు. తొమ్మిదోసారి ఓ ఇనుప దూలం కింద డిప్పల కుప్ప! టార్చ్ కాస్త పక్కకి పెట్టి చూస్తే లోపల చేతుల మీద అతుక్కునే తెల్లటి గిన్నెల్లాంటి సక్కర్లు, పెద్దవి కాఫీ గ్లాసు అడుగంత. కంట్లో నల్లగుడ్డు అడ్డగీతలా ఉంది. మెల్లగా ఓ చెయ్యి బయటికొచ్చింది. మా అమ్మమ్మ బజార్లో వంకాయ నొక్కి చూసినట్టు నా గ్లోవ్ మీద రెండు మూడు సక్కర్లు ఆనించింది. ఆక్టోపస్‌కి సక్కర్లతో కూడా రుచి తెలుస్తుంది. నచ్చలేదేమో, వదిలేసింది.

పట్టుకుంటే గింజుకోకు. కదలకుండా ఉంటే చాలాసార్లు అదే వదులుతుంది. లేదంటే సక్కర్లు అంచు నుంచి ఒక్కోటే ఊడదీయాలి. బడ్డీ చెయ్యి దూరంలో ఉండాలి. లోపల పైకప్పుకి బియ్యపుగింజలంత గుడ్లు గుత్తులుగా వేలాడుతుంటే లైటు ఆర్పేసి వచ్చెయ్. ఆ తల్లి నెలల తరబడి తిండి మానేసి కాపలా కాస్తుంది, పిల్లలు బయటపడ్డాక చచ్చిపోతుంది.

కాకినాడోడు:
పట్టుకొచ్చి పులుసు పెట్టుకోవచ్చా అన్నా?

ఉప్పునీళ్ళు:
అక్కడ కుదరదు. 2012 లో ఒకతను అదే కోవ్‌లో చట్టప్రకారమే ఒకదాన్ని పట్టుకెళ్తే ఊరంతా గొడవైంది. 2013 లో వాషింగ్టన్ రాష్ట్రం ఏడు చోట్ల ఆక్టోపస్ వేట ఆపేసింది, సీక్రెస్ట్ అందులో ఒకటి. పులుసుకి చేపల్లేవా నీకు?

నాచుబండ:
సియాటిల్‌కి దక్షిణాన రెడోండో బీచ్‌లో నీళ్ళ అడుగున సీసాల్లో దూరి కూర్చునేది వేరే జాతి, చిన్న ఎర్రది. దాని కంటి కింద రెప్పవెంట్రుకల్లా మూడు బొడిపెలుంటాయి, పెద్దదానికి ఉండవు. ముచ్చటగా ఉందని సీసా ఎత్తొద్దు, కొరుకుతుంది.

చలిచీమ:
థాంక్స్ అన్నలూ. ఆవిడకి చెప్పేశాను. ఆక్టోపస్ గురించి ఒక్క మాట అడగలేదు. "కారు తాళం ఎక్కడ పెడతావ్?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, మీరెక్కడ పెడతారు?