ఎఫ్1 తప్ప మిగతా రేసుల్లో అసలు ఏం చూడాలి?

అపెక్స్_పిచ్చి:

నేను చూసేదల్లా ఎఫ్1 (ఫార్ములా 1). అందులో ఏం చూడాలో తెలుసు. ఎవరు టైర్లు కాపాడుకుంటున్నారు, ఎవరు అండర్‌కట్ కోసం (ముందే కొత్త టైర్లు వేసుకుని ఎదుటివాడిని దాటేయడానికి) ముందే పిట్‌లోకి దూరుతున్నారు, బ్రేక్ ఎంత లేటుగా వేస్తున్నారు, ఇవన్నీ కంటికి ఆనుతాయి. సీజన్ లేని టైంలో ఏదో ఒకటి చూద్దామని ఒక నాస్కార్ (అమెరికా స్టాక్ కార్ల) రేసు, కాసేపు డ్రాగ్ రేసింగ్ (రెండు కార్లు తిన్నగా దూసుకుపోయేది) పెట్టుకున్నా. మొదటిదాంట్లో గంటల తరబడి ఎడమకు తిరగడమే. రెండోదాంట్లో కాస్త పక్కకు చూసేసరికి రేసే అయిపోయింది. యాక్సిలరేటర్ తొక్కిపెట్టి కూర్చోవడంలో డ్రైవర్ గొప్పతనం ఏముంటుందండీ?

వెటకారానికి అడగట్లేదు. అంతమంది ఏళ్ల తరబడి పడి చస్తున్నారంటే నాకు కనపడనిది ఏదో ఉండే ఉంటుంది, అదేంటో చెప్పండి. "చూడగా చూడగా అలవాటవుతుంది" అనే జవాబు మాత్రం వద్దు, ప్లీజ్.

ఎడమ_మలుపు:

ఓవల్, అంటే నాస్కార్ కార్లు తిరిగే ఆ గుండ్రటి ట్రాక్, నా వంతు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఓవల్ కోసం సిద్ధం చేసిన కారు రెండు వైపులా ఒకేలా ఉండదు. చాలా ఓవల్ కార్లలో కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమ దాని కంటే ఎక్కువ ఉంటుంది, దాన్ని స్టాగర్ అంటారు. కాబట్టి కారు తనంతట తనే ఎడమకు లాగుతుంది, తిన్నటి భాగంలో స్టీరింగ్‌ను కాస్త కుడికి పట్టుకుని పోవాలి. ఇక వెనక భాగం జారుతుంటే లూజ్ అంటారు, ముందు భాగం తిరగనని మొరాయిస్తే టైట్ అంటారు. పెట్రోలు ఖర్చవుతున్న కొద్దీ, టైరు అరుగుతున్న కొద్దీ, ట్రాక్ వేడెక్కి చల్లారుతున్న కొద్దీ ఆ రెండింటి మధ్య కారు మారుతూనే ఉంటుంది. పిట్‌స్టాప్‌లో ఒకతను కారు వెనక కిటికీ అద్దం దగ్గర పొడవాటి రెంచ్ పెట్టి తిప్పడం చూశారా? ఏ చక్రం మీద ఎంత బరువు పడాలో మారుస్తున్నాడన్నమాట. మలుపులోకి దిగేటప్పుడు టైటా, మధ్యలో టైటా, బయటికి వచ్చేటప్పుడు లూజా అన్నది డ్రైవర్ రేడియోలో సరిగ్గా చెప్పగలగాలి. ఆ మాట తప్పయితే సర్దుబాటు కూడా తప్పుతుంది, అంటే తర్వాతి స్టాప్ దాకా ఆ కారుతోనే కాపురం.

రెండోది గాలి. డేటోనా ట్రాక్‌లో మలుపులు 31 డిగ్రీలు, టాల్లడీగా ట్రాక్‌లో 33 డిగ్రీలు ఏటవాలుగా ఉంటాయి, కాలు తీయకుండానే తిరిగిపోవచ్చు, అందుకే అక్కడ కార్లన్నీ గుంపుగా పోతాయి. దాటేవాడు ఊరికే పక్కనుంచి వెళ్లిపోడు. పక్క కారు వెనక మూలకు దగ్గరగా వచ్చి గాలిని దాని స్పాయిలర్ (వెనక ఉండే రెక్కలాంటి పలక) మీదికి తోస్తాడు, దాంతో ఆ కారు నెమ్మదిస్తుంది. సైడ్ డ్రాఫ్ట్ అంటే ఇదే. ఒకసారి తెలిశాక ప్రతి ల్యాపులోనూ కనపడుతుంది, కనపడకుండా ఆపడం కష్టం.

డార్లింగ్టన్ రేసు ఒకటి చూడండి. ఆ ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎందుకంటే స్థలం ఇచ్చినాయన తన చేపల చెరువును కదపొద్దన్నాడట, అందుకని ఒక వైపు మలుపులు ఇరుకుగా కట్టాల్సొచ్చింది. ఇప్పుడు రెండు చివరలా రెండు రకాల మలుపులు, ఏ సెట్టింగ్ పెట్టినా ఒక చివర తప్పే. వేగంగా పోయే దారి బయటి గోడకు అంగుళాల దూరంలో ఉంటుంది, రేసు అయ్యేసరికి చాలా కార్ల కుడి వైపు పెయింట్ గీసుకుపోయి ఉంటుంది.

అపెక్స్_పిచ్చి:

ఆ రెంచ్ సంగతి నిజంగా తెలియదు, ఏదో రిపేరు అనుకున్నా. ఒక చిన్న డౌటు: రేడియోలో ఎవరో ఆపకుండా "లోపల, లోపల, ఇంకా లోపలే, క్లియర్" అని మాట్లాడుతుంటాడు, ఎవరతను?

ఎడమ_మలుపు:

స్పాటర్. స్టేడియం పైకప్పు మీద నిలబడి చూస్తుంటాడు. సీటు, తలకు రక్షణగా ఉండే పరికరాలు కలిసి డ్రైవర్‌కి పక్కకు చూసే వీలు దాదాపు లేకుండా చేస్తాయి, కాబట్టి పక్కన కారు ఉందా లేదా అన్నది అతని గొంతును బట్టే. ఆ గొంతును నమ్మి 300 కి.మీ. వేగంలో లైను మారుస్తారు.

పచ్చ_లైటు:

డ్రాగ్ గురించి నేను చెప్తా. "తొక్కిపెట్టి కూర్చోవడం" అన్నందుకు కోపం వచ్చింది కానీ ప్రశ్న న్యాయమైనదే.

మీరు చూసింది టాప్ ఫ్యూయెల్, అంటే డ్రాగ్‌లో అన్నింటికన్నా వేగమైన కార్ల తరగతి, అయ్యుంటుంది. 2008 నుంచి వాటి దూరం 1000 అడుగులు, అంటే సుమారు 305 మీటర్లు. నాలుగు సెకన్లలోపే అయిపోతుంది, చివర్లో వేగం 500 కి.మీ. పైమాటే. అక్కడ డ్రైవర్ పని టైర్లు పట్టు వదిలినప్పుడు తెలుస్తుంది. కారు బలంగా వణుకుతుంది, కళ్లు మసకబారేంత. ఆ క్షణంలో కాలు తీసి మళ్లీ ఎంత తొందరగా, ఎంత మెల్లగా తొక్కాలో లెక్క వేసుకునే టైం ఉండదు, కాలికే తెలియాలి. రెండు కార్లూ పట్టు తప్పి ఇద్దరూ పెడల్‌తో కుస్తీ పడే రేసు దొరికితే అది చూడండి, మిగతావన్నీ దాని ముందు దిగదుడుపే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పచ్చ లైటు వెలగ్గానే మీ కారు గడియారం మొదలు కాదు, మీ చక్రం స్టార్టింగ్ లైన్ దగ్గరి కాంతిరేఖను వదిలినప్పుడు మొదలవుతుంది. కానీ గెలుపు ఎవరు ముందు గీత దాటారన్నదాని మీద. అందుకే తక్కువ టైం వచ్చినవాడు ఓడిపోవచ్చు, లైటుకు ఆలస్యంగా కదిలాడు కాబట్టి. దాన్ని హోల్‌షాట్ అంటారు, సెకనులో వందో వంతుల దగ్గర తేలిపోతుంది. అందుకే గీత దగ్గరికి రావడంలోనే ఆట మొదలవుతుంది. కాంతిరేఖలు రెండుంటాయి, మొదటిదాంట్లోకి వచ్చి ఆగి, రెండోదాంట్లోకి ముందు నువ్వు రా అన్నట్టు అవతలివాడిని నిలబెట్టేవాళ్లున్నారు.

నాకు అన్నింటికన్నా నచ్చేది బ్రాకెట్ రేసింగ్. మామూలు మనుషులు మామూలు కార్లతో పోటీ పడేది. నా కారు ఇంత టైంలో పోతుంది అని ముందే అద్దం మీద రాసి చెప్పాలి. నెమ్మది కారు ముందు బయల్దేరుతుంది, ఆ టైంల తేడా ఎంతో అంతసేపు వేగం కారు ఆగుతుంది. లెక్క ప్రకారం ఇద్దరూ ఒకేసారి గీత చేరాలి. మెలిక ఏంటంటే, చెప్పినదాని కంటే వేగంగా వెళ్తే ఓడిపోయినట్టే! అందుకని చివరి మీటర్లలో పక్క కారును చూస్తూ, వాడి కంటే ఒక్క అడుగు ముందుంటూ, తన టైం దాటిపోకుండా బ్రేకు వేసేవాళ్లు ఉంటారు. రేసులో గెలవడానికి బ్రేకు వేయడం అన్నమాట. డబ్బు ఎక్కువ పోసినవాడే గెలుస్తాడన్న బాధ అక్కడ చాలావరకు లేదు.

బురద_టైరు:

నేను ఒకటే చెప్పి పోతా. ప్రతి రకం రేసూ డ్రైవర్ దగ్గర ఏదో ఒకటి లాగేసుకుంటుంది, అక్కడే పనితనం పుడుతుంది. స్పీడ్‌వే బైకులు (మట్టి ఓవల్ మీద నడిపేవి) చూడండి. 500 సీసీ, ఒక్కటే గేరు, బ్రేకులే ఉండవు. నలుగురు, నాలుగు ల్యాపులు, సుమారు ఒక నిమిషం. బ్రేకు లేకపోతే వేగం తగ్గేదెలా అంటే బైకును అడ్డంగా పడేసి జారించడమే. ఎడమ మలుపులో హ్యాండిల్ కుడికి తిప్పి ఉంటుంది, ఎడమ కాలికి ఇనుప బూటు.

ర్యాలీలో, అంటే ట్రాక్ మీద కాకుండా మామూలు రోడ్ల మీద టైం కోసం ఒక్కొక్కరే నడిపే రేసులో, లాగేసుకునేది దారి. డబ్ల్యూఆర్‌సీలో (ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్) రేసుకు ముందు ఆ రోడ్ల మీద రెండుసార్లు మాత్రమే నెమ్మదిగా పోనిస్తారు, మొదటిసారి నోట్స్ రాసుకోవాలి, రెండోసారి సరిచూసుకోవాలి. ఆ తర్వాత మలుపు అవతల ఏముందో డ్రైవర్‌కి తెలిసేది పక్క సీటు గొంతు వల్లే. కో-డ్రైవర్ చదవడం గొప్ప కాదు, ఎప్పుడు చదవాలన్నది గొప్ప. ముందే చెప్తే డ్రైవర్ మర్చిపోతాడు, లేటుగా చెప్తే చెట్టుకు. సెబాస్టియన్ లోబ్ 2004 నుంచి 2012 వరకు వరసగా 9 టైటిళ్లు కొట్టాడు, 9 సార్లూ పక్కన కూర్చున్నది డేనియెల్ ఎలేనానే. లోబ్ పేరు తెలిసినవాళ్లలో ఎలేనా పేరు ఎంతమందికి తెలుసు?

సగం_ట్యాంకు:

నేను కాస్త అడ్డం తగులుతా. అన్ని రేసుల్లోనూ లోతు ఉంటుంది కాబట్టి అన్నీ బాగుంటాయి అనుకోనక్కర్లేదు. కొన్ని ఓవల్ రేసులు నిజంగానే విసుగు, కొన్ని ఎఫ్1 రేసులూ అంతే, మొనాకోలో క్వాలిఫయింగ్ (ఎవరు ఏ స్థానంలో బయల్దేరాలో తేల్చే పోటీ) అయ్యాక ఆదివారం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. టీవీ కూడా సగం చంపేస్తుంది. దూరం నుంచి జూమ్ చేసిన కెమెరాలో వేగమూ కనపడదు, ఏటవాలూ కనపడదు.

నేను చూసేది ఇంధనం లెక్క. 2016 ఇండీ 500 (అమెరికాలో జరిగే 500 మైళ్ల ఓవల్ రేసు) దొరికితే చివరి 40 ల్యాపులు చూడండి. అలెగ్జాండర్ రోసి, 2015లో మానర్ టీమ్‌లో కొన్ని ఎఫ్1 రేసులు నడిపినతను, ఇండీలో అదే మొదటిసారి. మిగతావాళ్లు చివర్లో పెట్రోలు కోసం పిట్‌లోకి వెళ్తుంటే ఇతను ఆగలేదు. గాలిచాటున ఉంటూ, కాలు తీస్తూ, దొర్లించుకుంటూ వచ్చాడు. ఆఖరి ల్యాపులో ట్యాంకు ఖాళీ. నెమ్మదిగా దొర్లుతున్న కారుతో నాలుగున్నర సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ చివరి ల్యాపు చూస్తుంటే మనకే టెన్షన్.

ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు, ఇదే లెక్కను రేసంతా చేయిస్తుంది. బ్యాటరీలో ఉన్నది మొదటి నుంచి చివరిదాకా తొక్కితే సరిపోదు, ముందున్నవాడు గాలిని చీల్చుతూ ఎక్కువ ఖర్చు పెడతాడు. కొన్ని ట్రాకుల్లో ముందుండటానికి ఎవరూ ఇష్టపడరు. లీడర్ దారి ఇచ్చేసి వెనక్కి జరగడం మొదటిసారి చూసినవాళ్లకి పిచ్చెక్కుతుంది.

అపెక్స్_పిచ్చి:

రోసి మానర్‌లో ఉన్నది గుర్తుంది, ఇండీ గెలిచింది తెలుసు, ఇలా గెలిచాడని తెలియదు. ఈ వారం అదీ, డార్లింగ్టన్ ఒకటీ పెట్టుకుంటా. ర్యాలీకి ఏది మొదలుపెట్టమంటారు?

బురద_టైరు:

మాంటే కార్లో. కొండ రోడ్డు, ఎండ పడే వైపు పొడి తారు, నీడ వైపు మంచు, ఒకే స్టేజీలో రెండూ. టైర్లు ముందే ఎంచుకోవాలి, ఏవి పెట్టినా ఎక్కడో ఒకచోట తప్పే. రేసు మొదలవకముందు డ్రైవర్ తరఫున వేరే మనుషులు ఆ రోడ్డు మీద పోయి ఎక్కడ మంచు పట్టిందో నోట్స్‌లో గుర్తు పెట్టి ఇస్తారు. కారు లోపలి కెమెరా వీడియో పెట్టుకోండి, కామెంటరీ తీసేయండి. భాష అర్థం కాకపోయినా పర్లేదు, కో-డ్రైవర్ చెప్పిన అంకె (మలుపు ఎంత ఇరుకో చెప్పేది) వినపడ్డాక కారు తిరగడానికి ఎంత సేపు పట్టిందో చూడండి చాలు.

పచ్చ_లైటు:

అవి అయ్యాక ఒక బ్రాకెట్ ఫైనల్ కూడా. మళ్లీ చెప్తున్నా, గీత దగ్గర బ్రేకు లైట్లు చూడండి.